అన్నీ కలిపి



ఈ నెల మా సొంత ఇంటి సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాము. జరిగి కొన్నేండ్లయినది. అప్పుడే వ్రాయాలనుకొన్నాము గాని మాలో ఒకరికి సిగ్గు, ఇంకొకరికి మొహమాటము అడ్డము వచ్చినవి. మొన్న ఒక పెండ్లి ఇంట కొత్త దంపతులు నాలుగు రోజులు ఎక్కడికో వెళ్ళి వస్తామంటే, పెద్దాయన ఒకరు "మనలాంటి వాళ్ళకు షికార్లెందుకు? ఆ డబ్బు పెట్టి ఇంటికి ఒక వస్తువు కొనుక్కోరాదా?" అన్నారు. ఆ పిల్ల తల వంచుకొన్నది. ఒకప్పుడు మేమూ అదే మాట అన్నవాళ్ళమే గనుక ఇక దాచుకొనడము మంచిది కాదనిపించినది.

కొత్తగా చదివేవారికి మా గురించి రెండు మాటలు. మేము ఇల్లందు వాళ్ళము. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ నేల కింద బొగ్గున్నదని కనిపెట్టారు. 1889లో తవ్వకము మొదలైనది. పాతవాళ్ళు ఇప్పటికీ మా ఊరిని బొగ్గుట్ట అనే పిలుస్తారు. మాలో ఇంటాయన 1982 నుండి 2016 వరకు బాయిలో పని చేసి రిటైరైనారు. ఇంటావిడ అన్నేండ్లూ మొదటి షిఫ్టుకు తెల్లవారుజామున నాలుగింటికి లేచి క్యారేజి కట్టారు, రాత్రి షిఫ్టు నుండి వచ్చిన మనిషికి వేడినీళ్ళు పెట్టారు, ముగ్గురు పిల్లలను పెంచారు. ఇద్దరమూ కూర్చుని వ్రాస్తాము గనుక 'మేము' అంటాము. ఎవరి తప్పు వారిది అని చెప్పవలసిన చోట మాత్రము ఇంటాయన, ఇంటావిడ అని విడదీస్తాము.

2018 జనవరిలో మా పెండ్లికి ముప్పై మూడేండ్లు నిండినవి. హైదరాబాదులో ఉన్న మా పెద్దమ్మాయి, అల్లుడు ఫోను చేసి, "నాన్నా, మీ ఇద్దరికీ పాపికొండలు టూరు కట్టాము. పడవ, భోజనాలు, రెండు రాత్రుల బస, అన్నీ కలిపి. మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నారు. ఇంటాయన మొదట అన్న మాట "ఎంతయినది?" ఇంటావిడ మొదట అన్న మాట "ఇల్లు ఎవరు చూస్తారు?" మనవాళ్ళ ఇండ్లలో ఏ శుభవార్త వచ్చినా ఈ రెండు ప్రశ్నలే ముందు లేస్తాయి. గురువారము పోయి శనివారము రాత్రికి వచ్చేస్తే ఆదివారము ఆరాధన తప్పదని లెక్క వేసుకొని బయలుదేరాము.

కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరాము. అక్కడి నుండి టూరు వాళ్ళ జీపులో కూనవరం మీదుగా పోచవరం. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ మండలాలన్నీ మన ఖమ్మం జిల్లాలోవే. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు పోలవరం ముంపు కారణముగా ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మా చుట్టాలు కొందరు అలా ఒక్కరోజులో పక్క రాష్ట్రము వాళ్ళైపోయారు.

పోచవరము రేవులో పడవ ఎక్కాము. జనవరి గనుక నీళ్ళు తేటగా, నిదానముగా ఉన్నవి. రెండు వైపులా కొండలు దగ్గరకు వస్తూ వస్తూ, ఒకచోట నది సన్నగా మలుపు తిరిగింది. పాపిడి తీసినట్టు నది కొండల నడుమ పోతుంది గనుక పాపిడి కొండలన్నారని, అదే పాపికొండలైనదని చెబుతారు. నలభై ఏండ్లుగా గోదావరి ఒడ్డున భద్రాచలం బజారుకు పోయి వస్తున్నాము గాని, ఆ నది ఇంత అందముగా ఉంటుందని ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. పడవలోనే మధ్యాహ్న భోజనము పెట్టారు. పేరంటాలపల్లి దగ్గర ఆగి, సాయంత్రానికి కొల్లూరు ఇసుక తిన్నె మీద దిగాము.

అక్కడ వెదురుతో కట్టిన గుడిసెలు వరుసగా ఉన్నవి. టూరు వాళ్ళు బ్యాంబూ హట్స్ అంటారు. లోపల రెండు మంచాలు, దుప్పట్లు. ఎదురుగా తెల్లటి ఇసుక, దాని అవతల నది, నది అవతల అడవి. ఫోనులో సిగ్నలు లేదు. జనరేటరు కాసేపు తిరిగి ఆగిపోతే వెన్నెల తప్ప దీపము లేదు. టీ తెచ్చి ఇచ్చారు. తాగిన గ్లాసు కడగబోతే "మీరు ఉండండమ్మా" అని తీసికొని పోయారు.

ఇక్కడే మా కష్టము మొదలైనది.

చేయడానికి పని లేదు. మాట్లాడుకొనడానికి మాట లేదు. ముప్పై మూడేండ్లలో మేము మాట్లాడుకొన్నదంతా ఏమిటి? బియ్యము అయిపోయినవి, ఫీజు కట్టాలి, మీ అన్న వచ్చాడు, నీళ్ళు రాలేదు, రేపు ఏ షిఫ్టు. అవన్నీ ఇల్లందులో విడిచి వచ్చాము. ఇసుక మీద రెండు కుర్చీలు వేసుకొని, బస్టాండులో పక్కపక్కన కూర్చున్న కొత్తవాళ్ళలాగా నది వైపు చూస్తూ కూర్చున్నాము.

కొంతసేపటికి ఇంటావిడ లేచి వంట పాక వైపు పోయారు. పొయ్యి దగ్గర ఒక కొండరెడ్డి అమ్మ ఉల్లిపాయలు కోస్తున్నది. ఆమె పక్కన కూర్చుని ఈమె కూడా కత్తిపీట అందుకొన్నారు. చూచిన ఇంటాయనకు కోపము వచ్చినది. నలుగురూ వినేటట్టే, "అన్నీ కలిపి డబ్బు కట్టాము కదా, ఇక్కడ కూడా ఎందుకు చేస్తావు? వచ్చి కూర్చో" అన్నారు.

ఇంటావిడ మారుమాట లేకుండా వచ్చి కూర్చున్నారు. భోజనాలైన తరువాత, మంట చుట్టూ కుర్రవాళ్ళు పాటలు పాడుకొంటుంటే, మెల్లగా అన్నారు. "డబ్బు కట్టారు గనుక నన్ను కూర్చోమన్నారు. ఇంటి దగ్గర ఎవరూ కట్టలేదు గనుక ఎవరూ కూర్చోమనలేదు. మీకు 2016లో రిటైర్మెంటు కాగితము వచ్చినది. నాకు ఎవరు ఇస్తారండీ?"

ఆ రాత్రి ఇంటాయనకు నిద్ర పట్టలేదు. ఆ మాటలో తిట్టు లేదు, ఏడుపు లేదు. లెక్క ఉన్నది. బాయిలో దిగిన మనిషికి షిఫ్టు ఉన్నది, షిఫ్టు అయిపోయినట్టు సైరను ఉన్నది, వారానికి ఒక సెలవు ఉన్నది, పండుగ సెలవులున్నవి, అరవై ఏండ్లకు దండ వేసి ఇంటికి పంపినారు. ఆ మనిషి అన్నము తినేందుకు నాలుగింటికి లేచిన మనిషికి వీటిలో ఒక్కటీ లేదు. రిటైరైన తరువాత ఆయన ఇంటి దగ్గర ఉండడము వలన ఆమెకు పని తగ్గకపోగా, రెండుసార్ల టీ నాలుగుసార్లైనది.

మరునాడు ఉదయము ఇంటాయనే ముందు లేచి, ఇద్దరికీ టీ అడిగి తెచ్చారు. చిన్న పనే. కాని తెచ్చిన మనిషి చెయ్యి వణికినది. పుచ్చుకొన్న మనిషి కండ్లు తడిసినవి. ఆ రోజంతా నడిచాము. ఇసుకలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాము. మొదటి బిడ్డ కడుపులోనే పోయినప్పుడు ఒకరికొకరము చెప్పుకొనని సంగతులు ఆ రోజు చెప్పుకొన్నాము. ఆయన ఆ వారము సెలవు పెట్టకుండా బాయికి పోయినది మనసు లేక కాదనీ, ఇంట్లో ఆమె ముఖము చూడలేకనీ ముప్పై ఏండ్ల తరువాత ఆమెకు తెలిసినది. ఇంతకాలము ఆమె వేరుగా అనుకొన్నారు.

అందుకే ఆ పెండ్లి ఇంటి పెద్దాయనకు మా జవాబు ఇది. అయ్యా, ఆ డబ్బుతో మేము కొనుక్కొన్నది షికారు కాదు. ఇంట్లో దొరకని రెండు రోజుల తీరిక. ఏ వస్తువు కొన్నా అది దొరికేది కాదు.

అయితే ఇంకొక సగము కూడా చెప్పాలి.

బయలుదేరే ముందు ఇంటావిడ ఆ వంట అమ్మను అడిగారు. "నువ్వు ఎప్పుడైనా ఈ పడవలో కూర్చుని కొండలు చూశావా?" ఆమె నవ్వి, "చూడకేమమ్మా, నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకొని రోజూ చూస్తనే ఉన్న" అన్నది. ఆమె ఊరు కూడా ముంపు జాబితాలో ఉన్నదట. "ఎక్కడికి పంపుతరో, అక్కడ ఏరు ఉంటదో ఉండదో" అన్నది. మా రెండు రోజుల బసలో అన్నీ కలిసి ఉన్నవి గాని, ఆమె మాత్రము కలిసి లేదు. బియ్యము, నూనె, కోళ్ళు, నీళ్ళ సీసాలు కూడా భద్రాచలము నుండే పడవలో వచ్చినవి. ఆ ఊరి నుండి వచ్చినది ఆమె చెమట ఒక్కటే. జేబులో చెయ్యి పెట్టక్కర్లేదని అల్లుడు చెప్పినా, ఇంటాయన జేబులో చెయ్యి పెట్టారు. ఒడ్డున అమ్ముతున్న వెదురు బుట్టలు రెండు బేరము ఆడకుండా కొన్నాము. అవి ఇప్పటికీ మా ఇంట్లో ఉల్లిపాయలకు ఉన్నవి.

అదే ఏడు వేసవిలో, అమెరికాలో ఉన్న మా తమ్ముని కొడుకు, కోడలు ఇల్లందు వచ్చారు. మా సంగతి విని, "పెద్దమ్మా, మేము కూడా ఇటువంటిదానికే పోయి వచ్చాము" అని ఫోటోలు చూపించారు. కరీబియన్ సముద్రములో జమైకా అనే ద్వీపము. మన పాత ఖమ్మం జిల్లాలో మూడింట రెండు వంతులంత ఉంటుంది. అక్కడ మాంటెగో బే అనే ఊరి సముద్రపు ఒడ్డున పెద్ద హోటలు. దిగగానే చేతికి ఒక పట్టీ కడతారట. ఇక నాలుగు రోజులు మూడు పూటల భోజనము, తాగేవి, ఈత, ఆటపాటలు దేనికీ డబ్బు తియ్యనక్కర లేదు. పట్టీ చూపితే చాలు.

ఈ పద్ధతి పుట్టినది 1950లో. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన ఐదేండ్లకు జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియము దేశస్థుడు స్పెయినులోని మయోర్కా ద్వీపములో, సైన్యము దగ్గర మిగిలిపోయిన గుడారాలు సముద్రపు ఒడ్డున వేసి, బస, భోజనము, ఆటలు అన్నిటికీ కలిపి ఒకే ధర అన్నాడు. అలసిన జనము వచ్చి చేరారు. 1981లో గోర్డన్ స్టీవర్ట్ అనే జమైకా వ్యాపారి, ఆ మాంటెగో బేలోనే, దంపతుల కొరకే అని అటువంటి హోటలు తెరిచాడు. ఆ తరువాత ఆ సముద్రపు దీవులన్నిటా ఇవి వెలిసినవి. మొదలు గుడారాలే, మా కొల్లూరు గుడిసెల వంటివే. ధనికుల ఆట అని మనము తీసివేయడానికి లేదు. పని చేసి అలసిన మనిషికి నాలుగు రోజులు లెక్కలు మరచిపోవాలన్న కోరిక ఎక్కడైనా ఒకటే.

కాని మా కోడలు చెప్పిన ఒక మాట మాకు గుచ్చుకొన్నది. వారి గది ఊడ్చే ఆమెను "ఈ సముద్రములో మీ పిల్లలు ఈత కొడతారా?" అని అడిగితే, "మా పిల్లలు ఇక్కడికి రాలేరు" అన్నదట. ఆ దేశములో 1956లో వచ్చిన చట్టము ప్రకారము సముద్రపు ఒడ్డు మీద సామాన్య ప్రజలకు సహజమైన హక్కు లేదు. హోటళ్ళు కట్టిన చోట గోడ లేచింది. తమ దీవి చుట్టూ సముద్రమే ఉన్నా, దానిలో దిగడానికి చోటు వెదుకుకొనవలసిన స్థితి. దాని మీద అక్కడి వాళ్ళు ఇప్పటికీ పోరాడుతున్నారు. ఇంకొక విచిత్రము చూడండి. ఆ హోటలు భోజనాలలో మా పిల్లలకు బాగా నచ్చినది మేక కూర. అది అక్కడికి ఎట్లా పోయింది? 1845 మే 10న మొదటి ఓడ దిగినది మొదలు, చెరకు తోటలలో కూలికి మన దేశము నుండి వేల మందిని అక్కడికి తీసికొని పోయారు. ఆ మసాలా వారు మోసికొని పోయినదే. విశ్రాంతికి పోయిన మన పిల్లల పళ్ళెములో, విశ్రాంతి ఎరుగని మన కూలీల వంట ఉన్నది.

కొల్లూరులో వంట పాక దగ్గర మాకు కనబడినదే మాంటెగో బేలో మా పిల్లలకూ కనబడినది. ఒకరి విశ్రాంతి వెనుక ఇంకొకరి పని ఉంటుంది. అది తప్పు కాదు. ఆ పని చేసే మనిషి వంతు ఎప్పటికీ రాకపోవడము తప్పు.

మనము చిన్నప్పటి నుండి వల్లించిన విశ్రాంతి దినపు ఆజ్ఞను ఒకసారి జ్ఞాపకము చేసికొనండి. దానిలో కొడుకు ఉన్నాడు, కూతురు ఉన్నది, దాసుడు, దాసి ఉన్నారు, పశువు ఉన్నది, ఇంట ఉన్న పరదేశి కూడా ఉన్నాడు. అన్నీ కలిపి అనడమంటే అది. ఆ పట్టికలో ఇల్లాలి పేరు విడిగా లేదు. అందుకే కాబోలు, మన ఇండ్లలో ఆమెను మరచిపోయాము. నిజము చెప్పండి, మన ఆడవాళ్ళకు వారములో అన్నిటికన్న బరువైన రోజు ఏది? ఆదివారము కాదా? పిల్లలకు తలంట్లు, ఆరాధనకు ముందే సగము వంట, వచ్చిన వెంటనే కోడికూర, ఆ పైన అతిథులు. మార్తను గూర్చి ఎన్ని ప్రసంగాలు విన్నాము! ఆమె చేతిలోని పనిని ఆ పూట ఇంకెవరైనా అందుకొంటే ఎట్లా ఉండేదని మేము ఎన్నడూ అనుకొనలేదు.

ఇల్లందు తిరిగి వచ్చిన తరువాత మా ఇంట ఒక మార్పు చేసికొన్నాము. ఆదివారపు కూర శనివారము సాయంత్రమే ఇద్దరమూ కలిసి వండి పెడతాము. ఆదివారము అన్నము, చారు ఇంటాయన పని. మొదటి వారము అన్నము అడుగంటినది. మూడవ వారము చారులో ఉప్పు లేదు. ఇంటావిడ మాట్లాడకుండా తిన్నారు, అది ఆమె చేసిన త్యాగము. ఇప్పుడు చారు బాగానే కుదురుతున్నది. వీధిలో వాళ్ళు మొదట నవ్వారు. ఒకాయన మాత్రము ఎవరూ లేనప్పుడు వచ్చి "చింతపండు ఎంత వెయ్యాలి?" అని అడిగి పోయాడు.

ఆ నది సంగతి కూడా చెప్పి ముగిస్తాము. మేము వచ్చిన ఇరవై నెలలకు, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోతున్న పడవ మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. వరంగల్ దగ్గరి కడిపికొండ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ వార్త చూచి ఆ పూట మా ఇంట ఎవరమూ అన్నము ముట్టలేదు. తరువాత చాలకాలము పడవలు ఆగిపోయినవి. 2022 జూలైలో భద్రాచలము దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నది పొడుగునా ఊళ్ళు మునిగినవి. ఆ వంట అమ్మ గుడిసె ఏమైనదో అని ఇంటావిడ ఇప్పటికీ అంటారు. ఆమె పేరైనా అడుగలేదే అని ఇద్దరమూ బాధపడుతాము.

కాబట్టి ప్రియులారా, మీ పిల్లలు మిమ్మల్ని ఎక్కడికైనా పంపుతామంటే "ఎంతయినది?" అనకుండా వెళ్ళండి. వరద కాలములో నది మీదికి పోవద్దు. లైఫ్ జాకెట్ తొడుక్కొనకుండా పడవలో కూర్చోవద్దు, తొడుక్కొన్నవారిని చూచి నవ్వవద్దు. మీకు వండి పెట్టిన మనిషి పేరు అడగండి. ఆ ఊరిలో ఏదైనా ఒకటి కొనండి.

ఎక్కడికీ పోలేనివారు, చేను, గేదెలు వదిలి కదలలేనివారు మనలో ఎక్కువ. వారికి ఒక్క మాట. వరి కోతలైపోయిన ఒక సాయంత్రము, ఇంటి ముందర వేపచెట్టు కింద రెండు మంచాలు వేయండి. ఆ పూట వంట మగవాళ్ళది, గిన్నెలు పిల్లలవి. ఆమెను కూర్చోమనండి. ఆమె లేచిపోబోతే కోప్పడకండి. కూర్చోవడము కూడా ఆమె నేర్చుకోవలసినదే. మొదట మాటలు దొరకవు, మాకూ దొరకలేదు. కాసేపు ఓపిక పట్టండి, వాటంతట అవే వస్తాయి.

మీ ఇంట ఆదివారము ఎట్లా జరుగుతుందో మాకు వ్రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకొందాము.